సిరాతో రాసిన కొలతలు

జూన్ 3

ఒరేయ్ అల్లుడూ,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కోడలు గుండె మీద చెయ్యి వేసుకునే ఉంటుంది. ముందు ఆ చెయ్యి తీయమను. అందరం బాగున్నాం. మీ అత్త నిన్న కూడా నన్ను రెండుసార్లు తిట్టింది, కాబట్టి తన ఆరోగ్యానికి ఢోకా లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, చెప్పాల్సింది ఆ ఫోన్ గురించే. నేను ఫోన్ చేస్తే అది మోగేది నీ ప్యాంటు ముందు జేబులో. అక్కడ మోగకూడదని చెప్పడానికి దాన్ని అక్కడే మోగించడం నాకు సబబుగా తోచలేదు.

మొన్న గుండీలు కొంటే కొట్టువాడు పాత పత్రిక కాగితంలో చుట్టి ఇచ్చాడు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, నా చదువంతా పొట్లాలు విప్పి నేర్చుకున్నదే. గుండెకు నాలుగు గదులుంటాయని నాకు చెప్పింది మేకుల పొట్లం. ఈ గుండీల పొట్లం చెప్పిందేమిటంటే, సెల్‌ఫోన్ ప్యాంటు ముందు జేబులో పెట్టుకు తిరిగే మగవాళ్లలో వీర్యకణాలు తగ్గుతున్నట్టు కొందరు పరిశోధకులు గమనించారట. ఉన్నవి కూడా చురుగ్గా ఈదడం లేదట. పై సగం చదివేసరికే నాకు విషయం బోధపడింది. కింది సగంలోనూ అదే పాట పాడి ఉంటారని చదవలేదు. కాగితం గట్టిగా ఉంది, జేబుకు అచ్చు కత్తిరించుకోవడానికి పనికొచ్చింది.

నీ పెళ్లయి ఐదేళ్లు. పిల్లల కోసం చూడబట్టి నాలుగేళ్లు. కోడలు చేయించుకోని పరీక్ష లేదని, అన్నీ బాగానే ఉన్నాయన్నారని మీ అమ్మ చెప్పింది. నీ పరీక్ష మాట ఎత్తితే మాత్రం ఎక్కడో లిఫ్టు ఆగిందని లేచిపోతావట. నిన్నేమీ అనడం లేదు. తప్పు నీది కాదు, జేబుది. జేబుది తప్పయితే సరిదిద్దే విద్య మన చేతిలోనే ఉంది.

అందుకని రెండు ప్యాంట్లు కుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ముందు జేబులు లేవు. ఫోన్‌కు కుడి మోకాలి పక్కన జేబు పెట్టాను. కొలతలు అడగలేదేమని అనుకోకు. వచ్చిపోయేవాళ్ల కొలతలు పెన్సిల్‌తో రాసుకుంటాను, నా వాళ్లవి సిరాతో. నీ పెళ్లినాడు తీసినవి సిరాతో ఉన్నాయి. నడుము ముప్ఫై. నా కత్తిరింపులో వేలు దూరే సందు ఉండదని నీకు తెలుసుగా. వెనకటికి ఒక బ్యాంకు మేనేజరు నేను కుట్టిన ప్యాంటు తొడుక్కుని కూతురి పెళ్లంతా నిలబడే ఉన్నాడు. కూర్చోవడం కుదరక అని గిట్టనివాళ్లన్నారు. ఆయన మాత్రం, కూర్చుంటే ఆ అందం ఎవరికి కనిపిస్తుంది అన్నాడు.

తొడుక్కుని ఎలా ఉన్నాయో రాయి.

నీ మేలు కోరే,
మామయ్య


జూన్ 12

మామయ్యా,

ప్యాంట్లు అందాయి. ఒంటికి బాగా పట్టాయి.

మోకాలి జేబుతోనే చిన్న చిక్కు. మేం లిఫ్టు మరమ్మతు చేసేవాళ్లం రోజులో సగం నిచ్చెన మీదే ఉంటాం. మెట్టుమెట్టుకూ మోకాలు తగిలి ఫోన్ దానంతట అదే ఎవరికో ఒకరికి కలుస్తోంది. నిన్న మా సూపర్‌వైజరుకు కలిసింది. అప్పుడు నేను పక్కవాడితో ఆయన గురించే చెబుతున్నాను. ఏడు నిమిషాలు విన్నాడట. సాయంత్రం ఆఫీసుకు వెళితే, "నా నడక బాతు నడకలా ఉంటుందన్నావు. ఏదీ, ఒకసారి నడిచి చూపించు," అన్నాడు. నడిచి చూపించాను మామయ్యా. ఉద్యోగం కదా.

పరీక్ష సంగతి. అమ్మ నీకు చెప్పిందంటే వీధిలో సగం మందికి తెలిసినట్టే, కాబట్టి దాచేదేముంది. ఇక్కడ పిల్లల కోసం వైద్యం చేసే ఆసుపత్రి లిఫ్టు చూసేది నేనే. నెలనెలా మొదటి సోమవారం పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నాలుగో అంతస్తులో ఎనిమిది కుర్చీల ముందు నుంచి నడుస్తాను. ఆ కుర్చీల్లో మగవాళ్లు చేతిలో మూత ఉన్న చిన్న డబ్బా పట్టుకుని, నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు కిందకే చూస్తూ ఉంటారు. నర్సు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ నన్ను లిఫ్టాయన అని పలకరిస్తారు. అదే నేను ఆ డబ్బాతో కూర్చుంటే ఏమని పలకరిస్తారు? వేరే ఆసుపత్రికి పొమ్మంటావేమో. ఈ ఊళ్లో అలాంటివి మూడున్నాయి. మూడింటి లిఫ్టులూ నావే.

అత్తను అడిగానని చెప్పు.

నీ అల్లుడు


జూన్ 19

అల్లుడికి,

బాగా పట్టాయని రాశావే, ఆ ముక్క మీ అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి చదవబోతే వంటింట్లోకి వెళ్లిపోయింది. పనిమంతుడి కష్టం ఇంట్లోవాళ్లకు కనబడదు.

నిచ్చెన సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. మూడు రోజులు ఆలోచించాను. ఫోన్ నడుము దగ్గరే ఉండాలి, దాని ప్రభావం మాత్రం నీకు తగలకూడదు. ఇస్త్రీ బల్ల మీద పరిచే వెండిరంగు గుడ్డ ఉంటుంది చూడు, దాన్ని చూస్తుంటే మెరుపులా తట్టింది. వేడినే ఆపే గుడ్డ దీన్ని ఆపదా? రెండు మడతలు వేసి, మధ్యలో అన్నం వేడిగా ఉంచడానికి చుట్టే రేకు పెట్టి, జేబంతా దాంతోనే కుట్టాను. పైన మూత, మూతకు గుండీ. ఈ జేబులోకి గాలి పోవాలన్నా అనుమతి అడగాలి. ప్యాంటు మోకాలి జేబుతో సహా పాత అచ్చే, పాత కొలతే.

"అంత గుడ్డ చుడితే ఫోన్ మోగితే వినబడుతుందా?" అని మీ అత్త అడిగింది. "నలభై ఏళ్లుగా నేను మోగుతున్నాను, నీకు వినబడుతోందా?" అన్నాను. ఆ పూట అన్నం నేనే వడ్డించుకున్నాను.

ఆసుపత్రి మాట నేను ఎత్తను. ఈ జేబుతోనే పని జరిగిపోతే ఆ కుర్చీలతో నీకేం పని?

గుండీ పెట్టుకోవడం మరిచిపోకు.

మామయ్య


జూలై 4

మామయ్యా,

నీ వెండి జేబు గురించి నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మొన్న మొదటి సోమవారం. ఆసుపత్రి పక్క భవనం మీద మోటారు గదిలో పని చేస్తున్నాను. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగింది. లోపల ఎవరనుకున్నావు, డాక్టరమ్మ. లిఫ్టులో అంటించిన నా నంబరుకు నలభై నిమిషాలు ఫోన్ చేసిందట. నా జేబులో మాత్రం చీమ చిటుక్కుమనలేదు. చివరికి వాచ్‌మన్ రొప్పుతూ మేడెక్కి వచ్చి, "అయ్యా లిఫ్టాయనా, డాక్టరమ్మ గాల్లో ఉంది," అన్నాడు.

వెళ్లి తలుపు తెరిచేసరికి ఆవిడ ఫైళ్ల కట్ట మీద కూర్చుని యాపిల్ తింటోంది. కోప్పడలేదు. "ఫోన్ ఎత్తవేం నాయనా?" అంది. జేబు మూత తీసి చూపించాను. ఫోన్ ఇస్త్రీ పెట్టెలా కాలుతోంది. ఎందుకిలా కుట్టించావని అడిగింది. వాచ్‌మన్‌ను కిందకి పంపి, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఇంకో యాపిల్ అవసరమైంది. తర్వాత చెప్పింది. మూసి పెడితే ఫోన్ ఊరుకోదట. టవరు అందడం లేదని ఇంకా గొంతు చించుకుని అరుస్తుందట. అందుకే వేడెక్కుతుందట. అంటే మనం దాన్ని నోరు మూయించామనుకున్నాం, అది లోపల కేకలు పెడుతోంది. ఫోన్ వల్ల నష్టం ఉందా అంటే, కొన్ని పరిశోధనలు ఉందంటున్నాయట, కొన్ని తేలలేదంటున్నాయట. సంచీలో పెట్టుకుంటే పోయేదేమీ లేదు కదా, పెట్టుకో అంది.

తర్వాత నన్ను కిందా మీదా చూసి, ఈ ప్యాంటు ఎవరు కుట్టారని రెండుసార్లు అడిగింది. మా మామయ్య అన్నాను. ఆయన్ని ఒకసారి చూడాలని ఉంది అంది.

పరీక్షకు చీటీ రాసిచ్చింది. మోకాలి జేబులో పెట్టాను. అక్కడే ఉంది.

నీ అల్లుడు


జూలై 10

చిరంజీవి అల్లుడికి,

నీ ఉత్తరం చదివాక కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. ఫోన్ అరుపుల సంగతి సరే. ఓడిపోయాను. ఆ జేబు విప్పి మళ్లీ ఇస్త్రీ బల్ల మీద పరుచుకుంటాను.

కానీ అసలు విశేషాన్ని నువ్వు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశావు. అంత చదువుకున్న మనిషి, నలభై నిమిషాలు గాల్లో వేలాడి దిగిన మనిషి, ఈ ప్యాంటు ఎవరు కుట్టారని రెండుసార్లు అడిగిందా? కుట్టినవాణ్ణి చూడాలని ఉందా? ఒరేయ్, ఈ వీధిలో ఎందరు మంత్రులకు, ఎందరు మేష్టార్లకు కుట్టానో నాకే లెక్క లేదు. ఒక్కడు కూడా ఆ మాట అనలేదు. మీ అత్తకు చెబితే, "ఏ ఉద్దేశంతో అందో," అని పెదవి విరిచింది. కడుపుమంట.

డాక్టరమ్మకు తెల్లకోటు ఒకటి కుట్టి పంపుతాను. కొలతలు అడగడానికి మొహమాటపడితే, భుజాల వెడల్పు కళ్లతోనే కొలిచి రాయి. నీకు కూడా ఇంకో రెండు ప్యాంట్లు మొదలుపెట్టాను. తొడ దగ్గర అర అంగుళం ఇంకా లోపలికి లాగుతున్నాను. ఆవిడ మళ్లీ చూసినప్పుడు మన పనితనం ఒక మెట్టు పైనే ఉండాలి.

ఆనందంతో,
మామయ్య


జూలై 16

మామయ్యగారికి,

మీ కోడలు రాస్తున్నది. ఆయనకు తెలియకుండా రాస్తున్నాను. తెల్లకోటు మాట చదివాక ఆయన గ్లాసుడు మంచినీళ్లు తాగి, "నా వల్ల కాదు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అన్నారు. అంటే తెలిసే రాస్తున్నాననుకోండి.

దయచేసి ఆ అర అంగుళం లాగకండి.

మీ అల్లుడి నడుము ఇప్పుడు ముప్ఫై నాలుగు. పెళ్లిరోజు మీరు కొలిచి, నా అల్లుడి నడుము ముప్ఫై అని అందరి ముందూ చెప్పారట. ఆ మాట పోకూడదని రోజూ పొద్దున ఊపిరి బిగబట్టి తొడుక్కుంటారు. మీరు పంపినవాటికి కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డంతా నేను బయటికి తీస్తూ వచ్చాను. ఇక తీయడానికి దారం తప్ప ఏమీ లేదు. ఆ సోమవారం డాక్టరమ్మను లిఫ్టులోంచి పైకి లాగడానికి వంగినప్పుడు వెనక కుట్టు పైనుంచి కింది దాకా పగిలింది. పనిముట్ల సంచీ వెనక అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చారు. ఈయన మీకు రాయనిది అదీ.

ఆవిడ మిమ్మల్ని చూడాలన్నది మెచ్చుకోవడానికి కాదు మామయ్యగారూ. ఆ చోటు చల్లగా ఉంటేనే కణాలు బాగా తయారవుతాయట. బిగుతు ప్యాంటు, దాంతో రోజంతా బండి మీద తిరగడం, ఆ వేడి మంచిది కాదని చెప్పింది. ఫోన్ కన్నా ముందు ప్యాంటు మార్చమంది.

మీ మనసు నొచ్చుకుంటుందని తెలుసు. మీ చేతిపనికి వంక పెట్టేంత దాన్ని కాను. నా పెళ్లి జాకెట్టు ఇప్పటికీ భుజం దగ్గర ముడత పడదు. అయినా నాలుగేళ్లుగా సూదులన్నీ నేనే పొడిపించుకున్నాను. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం ఒక్కటే నా వల్ల కావడం లేదు. చీటీ ఇంకా మోకాలి జేబులోనే ఉంది. మీరు చెబితే వింటారు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు.

మీ కోడలు


జూలై 31

అల్లుడికి, కోడలికి,

పదిహేను రోజులు ఉత్తరం రాయలేదు. మొదటి వారం అలిగాను. దాపరికం ఎందుకు. కొట్టు తెరిచాను కానీ కత్తెర పట్టలేదు. ఎవరైనా వస్తే మిషను రిపేరులో ఉందని చెప్పాను. మిషను నా వంక అదోలా చూసింది.

రెండో వారం మొదట్లో, ఎవరివో చొక్కా జేబులు కత్తిరించాల్సి వచ్చి మేకుకు తగిలించిన అచ్చు కాగితం తీశాను. అదే, గుండీల పొట్లం కింది సగం. ఇన్నాళ్లూ దాని అంచులే చూశాను కానీ దాని మీద ఉన్నది చదవలేదు. ఆవేళ తొందరేమీ లేదు కాబట్టి చదివాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అయితే ఇందుకు ఫోనే కారణమని ఇంకా నిర్ధారణ కాలేదు. బిగుతుగా ఉండే ప్యాంట్ల వల్ల కలిగే వేడి కూడా." అక్కడితో ఆగింది. తర్వాతి మాటల్ని జేబు వంపు కోసం నా కత్తెరే తినేసింది. నీ ప్యాంటుకు జేబు కుట్టడానికి, నీ ప్యాంటు గురించి రాసిన ముక్కనే కత్తిరించుకున్నాను. పొట్లాలు చదివి పెద్దవాణ్ణయ్యానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి, సగం పొట్లం చదివి నిన్ను ఇంత తిప్పలు పెట్టాను.

మీ అత్తకు చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పక్కన కూర్చుని, "మనకూ ఎవరో ఒకరు కింది సగం చదివి చెప్పాల్సింది," అంది.

ఇప్పుడు చెప్పేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మాకు పిల్లలు కలగలేదని నీకు తెలుసు. మీ అత్తను చూపించని డాక్టరు లేడు. మందులు మింగింది, మాటలు పడింది. నన్ను పరీక్ష చేయించుకోమని ఎవరూ అనలేదు. నాకై నేను కూడా వెళ్లలేదు. ఆ రోజుల్లో ఫోన్లు లేవు, కాబట్టి దాన్ని అనడానికి లేదు. మరి తప్పెవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం వల్ల నాకేమీ బరువు కాలేదు. ఆ బరువంతా తనే మోసింది. ఇలా తనకు ఎన్నడూ చెప్పలేదు. నిన్న చెప్పాను. "ఇప్పటికైనా అన్నావు," అని లేచి వెళ్లి దీపం పెట్టింది.

ఒరేయ్, వెళ్లి ఆ కుర్చీలో కూర్చో. లిఫ్టాయన అని పిలిస్తే పలుకు. లిఫ్టు బాగుచేసేవాడివని ఎవరూ నిన్ను తక్కువ చేయలేదు, ఇందుకు మాత్రం ఎందుకు చేస్తారు?

మూడు ప్యాంట్లు పంపుతున్నాను. నడుము ముప్ఫై నాలుగు, పైన ఇంకో అంగుళం, తొడ దగ్గర గాలి ఆడేటట్టు. నా జీవితంలో ఇంత వదులుగా కుట్టడం ఇదే మొదటిసారి. కత్తిరిస్తుంటే ఎవరి చెయ్యో అనిపించింది. ఈ ప్యాంట్లు నిలబడితే అందంగా ఉండవు. కూర్చోవడానికి కుట్టినవి.

మామయ్య


ఆగస్టు 9

మామయ్యా,

కూర్చున్నాను.

డబ్బా పట్టుకుని నాలుగో అంతస్తులో దిగగానే నర్సు, "మోటారు గది తాళం కింద ఉంది లిఫ్టాయనా," అంది. "ఇవాళ లిఫ్టు బాగానే ఉందమ్మా, నేనే చూపించుకుందామని వచ్చాను," అన్నాను. "అలాగా, మూడో కుర్చీ ఖాళీ," అంది. అంతే. ఇందుకోసం నాలుగేళ్లు పారిపోయాను.

అసలు కథ నాలుగో కుర్చీలో ఉంది. ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. లేచి లోపలికి వెళుతుంటే నడక చూసి గుర్తుపట్టాను. బాతు. మా సూపర్‌వైజరు. తిరిగొచ్చాక ఇద్దరం అరగంట లిఫ్టు తాళ్ల నాణ్యత గురించి మాట్లాడుకున్నాం. వెళుతూ వెళుతూ, "ఈ ప్యాంటు చాలా హాయిగా ఉన్నట్టుందే, ఎవరు కుట్టారు?" అన్నాడు. ఈసారి మాత్రం నిజంగా మెచ్చుకోవడానికే మామయ్యా. ఆయన కొలతలు ఈ కాగితం వెనక రాశాను.

నా కణాలు తక్కువగా ఉన్నాయి, కానీ ఉన్నాయి. కొన్ని ఈదుతున్నాయి, కొన్ని నాలాగే కుర్చీ దాకా రావడానికి మొహమాటపడుతున్నాయి. కొత్తవి తయారవడానికి దాదాపు మూడు నెలలు పడుతుందట, అప్పుడు మళ్లీ చూద్దామంది డాక్టరమ్మ. ఫోన్ పనిముట్ల సంచీలోకి మారింది. ఇక నువ్వు ధైర్యంగా ఫోన్ చేయొచ్చు. మోగితే స్పానర్లకే నష్టం.

నీ అల్లుడు


ఫిబ్రవరి 24

మామయ్యా,

ఇది ఫోన్‌లోనే చెప్పొచ్చు. నవంబరులో రెండో పరీక్ష బాగుందన్న సంగతి అలాగే చెప్పాను. కానీ ఈ వ్యవహారాన్ని నువ్వు ఉత్తరంతో మొదలుపెట్టావు.

పోయిన వారం ఫోన్‌లో, ఇంట్లో అందరి కొలతలూ కొత్తగా తీసి పంపమన్నావు, మళ్లీ మోసపోనన్నావు. నాది ముప్ఫై నాలుగే. ఈసారి ఊపిరి వదిలి కొలిపించుకున్నాను. మీ కోడలివి కింద రాస్తున్నాను. వదులుగా ఉండే గౌన్లు రెండు కావాలట. భుజం పద్నాలుగు. చెయ్యి తొమ్మిది. పొడవు యాభై రెండు.

నడుము రాయలేదు. మరిచిపోయి కాదు. ఇప్పటికి తేడా ఏమీ లేదు కానీ, ఇకనుంచి నెలనెలా మారుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఫోన్ సంచీలోకి మారినందుకా, ప్యాంటు వదులైనందుకా, లేక దాని వేళ అదే వచ్చిందా అని అడిగాను. "నాకు తెలియదు నాయనా. తెలుసన్నవాళ్లను నమ్మకు," అంది.

అత్తకు ముందు నువ్వే చెప్పు. నేను చెబితే నీకు చెప్పే అవకాశం పోతుంది.

నీ అల్లుడు


మార్చి 3

అల్లుడికి, కోడలికి,

మీ అత్తకు చెప్పాను. ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది, పైనుంచి కింది దాకా, రెండు సగాలూ. కారణం ప్యాంటే అని తనంటుంది, ఫోనే అని నేనంటాను. డాక్టరమ్మకు తెలియకపోతే పోనీ, మాకు తెలుసు. ఇద్దరికీ వేర్వేరుగా తెలుసు.

గౌన్లు కుడుతున్నాను. రెండు పక్కలా లోపల నాలుగేసి వేళ్ల గుడ్డ వదిలాను. మీ సూపర్‌వైజరు రెండో ప్యాంటు కూడా ఈ పార్శిల్‌లోనే ఉంది. నడక మాత్రం నేను మార్చలేను.

నా పుస్తకంలో నీ పేజీలో ముప్ఫై కొట్టేశాను. సిరా కదా, కొట్టివేత కూడా పెద్దగా కనబడుతోంది. ఉండనీ. దాని పక్క పేజీ ఖాళీగా ఉంటే పైన గీత గీసి పెట్టాను. పేరు లేదు, భుజం లేదు, నడుము లేదు. వచ్చాక కొలుస్తాను. మనిషి మాత్రం నా మనిషే, అయినా ఈ పేజీకి ఇప్పటినుంచే పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను.

మామయ్య